అసలుకు 270 రూపాయలు

ఈ ఆదివారం సాహిత్యం జోలికి పోవడం లేదు. లెక్కలు చెబుతాను. తెలుగు మేడమ్‌కి లెక్కలేంటని నవ్వేవాళ్ళు నవ్వుకోండి, పదో తరగతి లెక్కల్లో నాకొచ్చినవి 41 మార్కులే.

2023 మార్చి నెలాఖరు. ఇంటి లోను స్టేట్‌మెంట్ ప్రింటు తీసుకుని మంచమ్మీద కూర్చుని చూస్తున్నాను. మా అమ్మ పక్కన చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. "అసలెంత తగ్గిందే ఈ నెల?" అంది. మా అమ్మకు చదువు రాదు. అప్పు మాట వస్తే ఆమె అడిగేది ఎప్పుడూ ఇదొక్కటే. వడ్డీ ఎంతని అడగదు, కిస్తీ ఎంతని అడగదు.

కాగితం మళ్ళీ చూశాను. ఆ నెల మేం కట్టింది 18,935 రూపాయలు. అందులో వడ్డీ కింద పోయింది 18,665. అసలుకు జమైంది 270.

"రెండొందల డెబ్బై" అన్నాను.

అమ్మ చెయ్యి ఆగిపోయింది. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత మెల్లిగా, "మీ తాతకి కూడా ఇంతకంటే ఎక్కువే తగ్గేదేమోనే" అంది.

మా తాత అప్పు కింద జీతానికి కుదిరినవాడు. ఆయన సంగతికి మళ్ళీ వస్తాను.

ఈ పాత సంగతి ఇప్పుడెందుకంటే, పోయిన బుధవారం మా డిగ్రీ ఫైనలియర్ కుర్రాడొకడు స్టాఫ్‌రూమ్ బయట నిలబడి ఉన్నాడు. మన పల్లె నుంచి వచ్చినవాడే, ఇంట్లో మొదటి డిగ్రీ. ఫోన్‌లో ఆప్షన్స్ ట్రేడింగ్ చేసి ఆరు నెలల్లో 86 వేలు పోగొట్టుకున్నాడు. "మేడమ్, మార్కెట్ సైకిల్ నాకు అర్థం కాలేదు, అందుకే పోయాయి. అర్థం చేసుకుంటే మళ్ళీ వస్తాయి" అన్నాడు. సైకిల్ అనే మాట వాడి నోట చాలా నమ్మకంగా పలికింది. ఆ నమ్మకం చూసి నాకు భయమేసింది. వాడికి చెప్పాలనుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు నా ఇల్లు. 2021లో నాకు ఉద్యోగం కాస్త కుదురుకుంది, పెళ్ళయింది, గుంటూరులో అద్దె ఇంటికి తిరిగాం. ఏడిళ్ళు చూశాం. గేటు దగ్గర చక్కగా మాట్లాడేవాళ్ళు. వంటగది చూపించేవాళ్ళు. మోటారు ఎన్నింటికి వేస్తారో చెప్పేవాళ్ళు. చివరికి "మీరేమిట్లు?" అని అడిగేవాళ్ళు. చెప్పేవాళ్ళం. "మా అబ్బాయిని అడిగి ఫోన్ చేస్తాం" అనేవాళ్ళు. ఏడు ఫోన్లూ ఇంకా రావాలి.

పెట్టుబడుల గురించి చెప్పే వీడియోల్లో అందరూ ఒకే పాట. ఈఎంఐ కన్నా అద్దె మేలు, మిగిలింది ఫండ్స్‌లో పెట్టండి. ఆ లెక్క తప్పని నేననను. కాగితం మీద కరెక్టే. కాకపోతే అద్దె ఇల్లు డబ్బిస్తే దొరుకుతుందనే నమ్మకం మీద కట్టిన లెక్క అది. ఎనిమిదో గేటు దగ్గర నిలబడే ఓపిక మాకు లేదు. ఊరి చివర రెండు పడగ్గదుల ఫ్లాటు కొన్నాం. 25 లక్షల అప్పు, 20 ఏళ్ళు, 6.7 శాతం వడ్డీ.

సంతకాల రోజు బ్యాంకులో అమ్మాయి చాలా మర్యాదగా చెప్పింది. "ఫ్లోటింగ్ రేటు మేడమ్. రెపోకి లింక్ అయి ఉంటుంది. ఇప్పుడు చాలా తక్కువలో ఉంది, మీరు లక్కీ." మనం లక్కీ అని ఎవరైనా అంటే నాకు వెంటనే అనుమానం రావాలి, రాలేదు. ముప్పై చోట్ల సంతకాలు పెట్టాను.

రెపో అంటే, రిజర్వ్ బ్యాంక్ మామూలు బ్యాంకులకు కొద్ది రోజుల కోసం అప్పిచ్చే రేటు. 2019 అక్టోబర్ నుంచి ఇంటి అప్పుల్లాంటి ఫ్లోటింగ్ రేటు అప్పుల్ని బ్యాంకులు తమ ఇష్టం వచ్చిన లెక్కతో కాకుండా రెపోలాంటి బయటి కొలతకు ముడిపెట్టాలని నియమం వచ్చింది. నా అప్పు రేటు ఎలా కట్టారంటే, రెపో 4 శాతం, దాని మీద బ్యాంకు వేసుకునేది 2.7. కలిపి 6.7. కోవిడ్ దెబ్బకు 2020 మే నెలలో రెపోను 4కి దించారు. నేను అప్పు చేసింది లోయ అడుగున నిలబడి. అక్కడి నుంచి ఎటు పోయినా ఎక్కుడే.

2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్ మీదికి పోయింది. మన ఇళ్ళలో సన్‌ఫ్లవర్ నూనె ప్యాకెట్ ధర ఎగిరింది గుర్తుందా? ఏప్రిల్‌లో దేశంలో ధరల పెరుగుదల 7.79 శాతం. మే 4న, మామూలు సమావేశం తేదీ కూడా కాకుండానే, రిజర్వ్ బ్యాంక్ రెపోను 4.4 చేసింది. జూన్‌లో 4.9. ఆగస్టులో 5.4. సెప్టెంబర్‌లో 5.9. డిసెంబర్‌లో 6.25. 2023 ఫిబ్రవరిలో 6.5. తొమ్మిది నెలల్లో రెండున్నర శాతం. నా 6.7 కాస్తా 9.2 అయింది.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. రేటు పెరిగినా నా ఈఎంఐ పెరగలేదు. అదే 18,935. నేను సంతోషించాను కూడా. బ్యాంకు చేసిందేంటంటే కిస్తీని అలాగే ఉంచి, కిస్తీల సంఖ్య పెంచుకుంటూ పోయింది. మొదట్లో నెలకు దాదాపు 5 వేలు అసలుకు పోయేవి. అది 3,400 అయింది, 1,400 అయింది, 766 అయింది, 270 అయింది. ఆ రేటున, ఆ కిస్తీతో, మిగతా అప్పు తీరాలంటే ఇంకా 556 నెలలు. నలభై ఆరేళ్ళు. నాకప్పుడు 34. నేను ఎనభై ఏళ్ళ ముసలమ్మనై, మునివేళ్ళతో ఫోన్ నొక్కుకుంటూ ఆఖరి కిస్తీ కడతానన్నమాట. 19 నెలల్లో 3,59,765 రూపాయలు కడితే అసలు తగ్గింది 65,686.

బ్యాంకుకు పోయి అడిగితే అంత కాలం సాగదీయడం కుదరదని, ఈఎంఐ పెంచుకుంటారా అని అడిగారు. పెంచుకున్నాం. 22,897. నెలకు దాదాపు 4 వేలు అదనం. ఆ 4 వేలు మా అమ్మ మందులకీ, తమ్ముడి కోచింగ్‌కీ పోయేవి. ఆ తర్వాత 2023 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకే బ్యాంకులకు ఆదేశమిచ్చింది. రేటు మారినప్పుడు కిస్తీ పెంచుతున్నారో, కాలం పెంచుతున్నారో అప్పు తీసుకున్నవాళ్ళకు చెప్పాలి. ఏది కావాలో ఎంచుకోనివ్వాలి. కట్టే కిస్తీ ఆ నెల వడ్డీకి కూడా చాలని పరిస్థితి రానివ్వకూడదు. అప్పున్న ప్రతివాళ్ళూ ఇవాళే బ్యాంకు యాప్‌లో మీ స్టేట్‌మెంట్ దించి, అసలు గడి చూడండి. మా అమ్మ ప్రశ్న అడగండి.

ఇప్పుడు తాత.

తాత తన పెళ్ళికి ఊరి ఆసామి దగ్గర 300 తెచ్చాడట. నోటు రాశారు. ఆయన వేలిముద్ర. ప్రామిసరీ నోటుకు కాలదోషం మూడేళ్ళు. మూడేళ్ళు దాటితే కోర్టులో చెల్లదు కాబట్టి, గడువు దగ్గరపడగానే నోటు తిరగరాసేవాళ్ళు. తిరగరాసేటప్పుడు కట్టని వడ్డీ అసల్లో కలిసేది. కొత్త నోటు మీద 300 ఉండదు, 520 ఉంటుంది. దాని మీద మళ్ళీ వడ్డీ. తాత జీతం వడ్డీ కింద జమ. ఒడ్లు కొలిస్తే తిండి. ఆయన ఇరవై రెండేళ్ళు ఆ ఇంట్లో పనిచేశాడు, నోటు ఏడుసార్లు మారింది. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది. తాత విషయంలో ఆ చట్టం కన్నా మా నాన్న ముఠా పనికి పోయి తెచ్చిన డబ్బే ఎక్కువ పనిచేసింది.

నా బ్యాంకు అప్పునీ తాత నోటునీ ఒకే గాటన కట్టడం లేదు. నాకు స్టేట్‌మెంట్ వస్తుంది, ఫిర్యాదు చేసుకునే చోటు ఉంది, నన్నెవరూ ఏరా ఏమే అనరు. ఆ తేడా చిన్నది కాదు, దానికోసం మనవాళ్ళు ప్రాణాలిచ్చారు. కానీ ఆ 270 చూశాక అమ్మ అన్న మాటను కొట్టిపారేయలేకపోయాను. యూనివర్సిటీ రోజుల్లో ఎకనామిక్స్ మిత్రుడొకడు హైమన్ మిన్‌స్కీ అనే అమెరికన్ ఆర్థికవేత్త గురించి చెబుతుండేవాడు. అప్పుడు చెవికెక్కలేదు. మిన్‌స్కీ అప్పులవాళ్ళను మూడు రకాలుగా విడగొట్టాడు. రాబడితో వడ్డీ, అసలు రెండూ కట్టగలిగేవాళ్ళు మొదటి రకం. వడ్డీ మాత్రమే కట్టి, అసలును తిరగరాసుకుంటూ పోయేవాళ్ళు రెండోరకం. వడ్డీ కూడా కట్టలేక దానికోసం మళ్ళీ అప్పు చేసేవాళ్ళు మూడోరకం. మంచికాలం సాగేకొద్దీ అందరికీ ధైర్యం పెరిగి, మొదటి రకం వాళ్ళు తగ్గి, రెండూ మూడూ పెరుగుతాయి. అంతా బాగుందనుకున్న రోజుల్లోనే కూలడానికి సరంజామా తయారవుతుందన్నది ఆయన మాట. మార్కెట్ సైకిల్ అని మా కుర్రాడు అంటున్నది ఇదే.

నా అనుభవం దానికి ఇంకో సంగతి కలిపింది. 2021లో నేను మొదటి రకం. 2023 మార్చికి దాదాపు రెండోరకం. ఈ మధ్యలో నేను కొత్తగా ఒక్క రూపాయి అప్పు చేయలేదు, ఒక్క కిస్తీ ఎగ్గొట్టలేదు. రేటు కదిలింది, నేను మెట్టు దిగిపోయాను. ఫ్లోటింగ్ రేటు అంటే అదే. వడ్డీ పెరిగితే వచ్చే దెబ్బ బ్యాంకు పుస్తకంలోంచి నా పుస్తకంలోకి మారింది. ఆ ముప్పై సంతకాల్లో అదీ ఒక సంతకం. తగ్గితే లాభమూ నాదే, నిజమే. కానీ తగ్గేదాకా తట్టుకుని నిలబడాల్సిందీ నేనే.

రిస్క్ అనే మాటకు మన బిజినెస్ పేజీల్లో నష్టభయం అని రాస్తారు. మంచి మాటే. మా పల్లెలో ఆ భయానికి వేరే లెక్క ఉండేది. మా ఊరు చిలకలూరిపేట దగ్గర. మా నాన్న కౌలుకు రెండెకరాలు పత్తి వేసేవాడు. పెట్టుబడికి అప్పు. ఊళ్ళో మిగతా రైతులకు రూపాయిన్నర వడ్డీ ఇచ్చే ఆయనే మా నాన్నకు మూడు రూపాయలకు ఇచ్చేవాడు. నూటికి నెలకు మూడు, అంటే ఏడాదికి 36 శాతం. నేను ఆరో తరగతిలో ఉండగా నాన్నతో వెళ్ళి ఆ గుమ్మం ముందు నిలబడ్డాను. మా నాన్న కన్నా పదేళ్ళు చిన్నవాడు ఆయన. "మీకేముందిరా హామీ? మునిగితే నేనెవర్ని అడగాలి?" అన్నాడు. నాన్న "అంతే బాబూ" అన్నాడు.

ఇప్పుడు నాకు దాని పేరు తెలుసు. రిస్క్ ప్రీమియమ్. అప్పు తిరిగి రాకపోవచ్చనే భయానికి కట్టించుకునే ధర. సరే, ఆ భయం నిజమా అని మార్కెట్‌ను అడగాలి కదా? మా నాన్న బతికినంతకాలం ఒక్క నోటూ ఎగ్గొట్టలేదు. ఒక ఏడాది గేదెను అమ్మి కట్టాడు, ఒక ఏడాది నన్ను హాస్టల్ మాన్పించాలని చూశాడు, అమ్మ కమ్మలు పోయాయి. ఎందుకంటే ఆ గుమ్మం తప్ప ఇంకో గుమ్మం లేదు. ఇవాళ ఎగ్గొడితే రేపు విత్తనాలు లేవు. మా ఊళ్ళో అప్పులు ఎగ్గొట్టినవాళ్ళు ఉన్నారు. వాళ్ళు ఐపీ పెట్టినవాళ్ళు. మన గుంటూరు జిల్లా వాళ్ళకు ఐపీ గురించి చెప్పక్కర్లేదు. ఆస్తులు ముందే భార్య పేరనో బావమరిది పేరనో మార్చి, కోర్టులో దివాలా పిటిషన్ వేసి, మర్నాడు లాయర్ నోటీసు పంపడం. మా ఊళ్ళో ఒక పత్తి వ్యాపారి ఐపీ పెట్టినప్పుడు అందులో మా పెదనాన్న పత్తి డబ్బులూ పోయాయి. ఐపీ పెట్టాలన్నా ఒక స్థాయి ఉండాలి. తక్కువ వడ్డీకి పెద్ద అప్పు పుట్టిన చరిత్ర ఉండాలి. ఎక్కువ వడ్డీ కట్టినవాళ్ళు కట్టేశారు, తక్కువ వడ్డీవాళ్ళు ఎగ్గొట్టారు. ఆ మూడు రూపాయల్లో ఎంత వంతు నష్టభయం, ఎంత వంతు కులం?

అంబేడ్కర్‌ని మనం రాజ్యాంగం దగ్గర, మహద్ చెరువు దగ్గర ఎక్కువగా తలుచుకుంటాం. ఆయన డబ్బు మీద డాక్టరేట్ చేసినవాడు. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో చేసిన ఆ పరిశోధన 1923లో 'ద ప్రాబ్లమ్ ఆఫ్ ద రుపీ' పుస్తకంగా వచ్చింది. ఆ తర్వాత హిల్టన్ యంగ్ కమిషన్ ముందు సాక్ష్యం కూడా చెప్పాడు. కష్టమైన పుస్తకం, నేను రెండు సెలవులు తిన్నాను దాని మీద. నాకు పట్టుబడిన సారం ఇది. రూపాయి విలువ పడిపోతే దేశానికి లాభమని వాదించేవాళ్ళను ఆయన దేశంలో ఎవరికి లాభమని అడుగుతాడు. ధరలు ముందు పెరుగుతాయి, కూలి వెనక నత్తలా వస్తుంది, ఆ మధ్య దూరంలో వ్యాపారి సంపాదిస్తాడు. కాబట్టి కూలివాడికి కావలసింది విలువ నిలకడగా ఉండే డబ్బు.

అందుకే రిజర్వ్ బ్యాంక్ రేట్లు పెంచిందని దాన్ని తిట్టలేను. నూనె ధర పెరిగితే పొలం పనికి పోయే మా పిన్నికి తగిలే దెబ్బ, నా ఈఎంఐ దెబ్బ కన్నా పెద్దది. ఆమె కూలి ఏ రెపోకూ ముడిపడి లేదు. కానీ ధరలు దించడానికి వాడే మందు ఎవరి ఒంట్లోంచి పోతుందో కూడా చూడాలంటాను.

ఇంకో సంగతి కూడా ఆయన జీవితకారులు రాశారు. బొంబాయిలో తొలి రోజుల్లో అంబేడ్కర్ షేర్లు, పెట్టుబడుల మీద సలహాలిచ్చే వ్యాపారం పెట్టాడు. ఆయన అంటరానివాడని తెలిశాక ఖాతాదార్లు రావడం మానేశారు. కొలంబియాలో ఆర్థికశాస్త్రం చదివొచ్చిన మనిషి సలహా! అది వినకపోవడం వల్ల నష్టపోయింది ఎవరు? అయినా మానేశారు. మార్కెట్‌కు లాభం తప్ప ఇంకేమీ కనబడదని స్టాఫ్‌రూమ్‌లో ఎవరన్నా అంటే నాకు గుర్తొచ్చేది ఆ ఖాళీ ఆఫీసు గది.

స్టాఫ్‌రూమ్ అంటే గుర్తొచ్చింది. 2018 జనవరిలో, ప్రైవేటు కాలేజీలో ఉండగా, కామర్స్ సార్ ఒకాయన నాతో ఇండెక్స్ ఫండ్‌లో నెలకు 2,000 సిప్ పెట్టించాడు. మంచి మనిషి, మంచి సలహా. ఆయనా అదే ఫండ్, నాకంటే పెద్ద మొత్తం. 27 నెలల్లో 54 వేలు వేశాను. 2020 జనవరిలో 42 వేలు దాటిన సెన్సెక్స్, మార్చి 23 ఒక్కరోజే 3,900 పాయింట్లకు పైగా పడి 25,981 దగ్గర ఆగింది. లాక్‌డౌన్. మా కాలేజీ ఏప్రిల్ జీతం ఇవ్వలేదు. నాన్న అప్పటికి డయాలసిస్‌లో ఉన్నాడు. సార్ ఫోన్ చేసి, "అమ్మా, అమ్మొద్దు. ఇలాంటప్పుడే కొనాలి. నేను ఇంకో రెండు లక్షలు వేశాను" అన్నాడు.

అమ్మేశాను. 43 వేల చిల్లర వచ్చాయి. ఏడాది తిరక్కుండానే, 2021 జనవరిలో, సెన్సెక్స్ 50 వేలు తాకింది. ఆ యూనిట్లు 2025 దాకా ఉంటే లక్షా ఇరవై వేలు దాటేవి. సార్ తప్పు చెప్పలేదు. నేనూ తప్పు చేయలేదు. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు పోయే ఆటోవాడు సైకిల్ తిరిగేదాకా ఆగడు కదా. ఇద్దరం ఒకే ఫండ్ కొన్నాం, ఒకే రోజు దాకా ఒకేలా నష్టపోయాం. ఆయన వెనక ఒక ఇంటి అద్దె, రెండెకరాల నిమ్మతోట, పెన్షన్ వచ్చే తండ్రి ఉన్నారు. ఫండ్ కాగితంలో ఇద్దరికీ రిస్క్ ఒకటే అని రాసుంది, సూది ఒకే రంగు మీద ఉంది. ధర ఎంత ఊగుతుందో ఆ సూది చెబుతుంది. ఊగినప్పుడు చేతులు పట్టుకోవడానికి ఏముందో అది చెప్పదు.

పెద్దవాళ్ళకు కూడా ఇదే జరుగుతుంది. కాకపోతే ముగింపు వేరుగా ఉంటుంది. నా 270 రూపాయల స్టేట్‌మెంట్ నెలలోనే, 2023 మార్చి 10న, కాలిఫోర్నియాలో సిలికాన్ వ్యాలీ బ్యాంక్ కూలింది. అమెరికాలో ఉన్న మన తెలుగు పిల్లలు పనిచేసే స్టార్టప్‌లు ఎన్నో అందులో డబ్బు దాచుకునేవి. దాని జబ్బు కూడా వడ్డీ రేటే. నోటు భాషలో చెబుతాను. నా దగ్గర రూపాయి వడ్డీ నోటు ఒకటుంది, పదేళ్ళది. ఇప్పుడు బయట కొత్త నోట్లు రెండు రూపాయల వడ్డీకి రాస్తున్నారు. నా పాత నోటును పూర్తి ధరకు ఎవరు కొంటారు? తగ్గించి అమ్ముకోవాలి. బాండ్ల ధరలు, వడ్డీ రేట్లు ఏతాంలా ఒకటి లేస్తే ఒకటి దిగేది అందుకే. ఆ బ్యాంకు వడ్డీలు తక్కువగా ఉన్న రోజుల్లో జనం డిపాజిట్లు పెట్టి దీర్ఘకాలిక బాండ్లు కొనిపెట్టుకుంది. గడువుదాకా ఆగితే అసలు మొత్తం వచ్చేదే. కానీ అమెరికా రేట్లు 2022 మార్చిలో సున్నా దగ్గర నుంచి ఎగబాకాయి, డిపాజిట్‌దార్లు డబ్బు అడిగారు, బ్యాంకు నష్టానికి అమ్మింది, ఆ వార్త విని మిగతావాళ్ళు ఎగబడ్డారు. మార్చి 9 ఒక్కరోజే 4,200 కోట్ల డాలర్లు బయటికి పోయాయి.

అంటే ఆ బ్యాంకుదీ నా 2020 ఏప్రిల్ కథే. ఆగలేక అడుగున అమ్మడం. అక్కడ డిపాజిట్ బీమా ఒక్కొక్కరికి రెండున్నర లక్షల డాలర్ల దాకానే. వాళ్ళ డబ్బులో అత్యధిక భాగం దానికి పైన ఉన్నదే. రెండు రోజులు తిరక్కుండా ప్రభుత్వం అందరి డిపాజిట్లూ పూర్తిగా ఇస్తానంది. ఇవ్వకపోతే జీతాలు ఆగిపోయేవి, నిజమే, ఆ కుర్రాళ్ళ జీతాలూ అందులో ఉన్నాయి. నాకు అసూయ లేదు. ఆ ఆదివారం అంత తొందరగా కదిలిన చెయ్యి, మా పల్లెలో కమ్మలు వేలానికి వచ్చినప్పుడు ఏ దిక్కున ఉంటుందా అని మాత్రం అనిపించింది.

కమ్మల మాట ఊరికే అనలేదు. 2020 ఆగస్టులో బంగారం పది గ్రాములు 56 వేల దగ్గరికి పోయింది. అదే నెలలో, కోవిడ్ సాయంగా, బంగారం విలువలో 90 శాతం దాకా అప్పివ్వడానికి బ్యాంకులకు అనుమతి వచ్చింది. అంతకుముందు 75. మా పిన్ని సంతోషంగా పోయి పెట్టింది. 56 వేల సరుకు మీద 50 వేల అప్పు. 2021 మార్చికి బంగారం 44 వేలకు దిగింది. అప్పు కన్నా వస్తువు చవకైపోయింది. తేడా డబ్బు కట్టమన్నారు. పొలం పనుల్లేని నెలలు, ఎక్కడ తెస్తుంది? వేలం. 2025లో అదే పది గ్రాములు లక్ష దగ్గరికి చేరాయి. పిన్ని ఇప్పటికీ బంగారం షాపు ముందు బస్సు దిగితే అటు చూడదు.

ఇక మా కుర్రాడు. వాడి ముందు సెబీ లెక్క పెట్టాను. 2022 నుంచి 2024 దాకా మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో దిగిన మామూలు వ్యక్తులు కోటికి పైగా ఉంటే, నూటికి 93 మంది నష్టపోయారు. మొత్తం నష్టం లక్షా ఎనభై వేల కోట్లకు పైగా. "నువ్వు ఆ ఏడుగురిలో ఉంటావని నీకు చెప్పింది ఎవరు?" అన్నాను. తలొంచుకున్నాడు. టెలిగ్రామ్ గ్రూపు.

వాడికి అర్థం కాలేదని వాడనుకుంటున్నది సైకిల్. సైకిల్ ఉందని నాకూ తెలుసు. రేట్లు ఎక్కాయి, 2025లో దిగాయి. 2025 ఫిబ్రవరి నుంచి జూన్ లోపల రెపో 6.5 నుంచి 5.5కి వచ్చింది, ఈఎంఐ అలాగే ఉంచుకున్నాం కాబట్టి నా స్టేట్‌మెంట్‌లో అసలు గడిలో ఇప్పుడు 7 వేలు దాటి పడుతోంది. అది ఎప్పుడు తిరుగుతుందో 2021లో బ్యాంకు అమ్మాయికి తెలియదు, మా కామర్స్ సార్‌కి తెలియదు, కాలిఫోర్నియా బ్యాంకులో కోట్ల జీతాలవాళ్ళకు తెలియలేదు. తెలిసే అవకాశం ఉన్నదల్లా మన ఇంటి సంగతి. జీతం ఆగితే ఎన్ని నెలలు ఈ పెట్టుబడి ముట్టుకోకుండా ఉండగలం, ఇంట్లో జబ్బు మనిషి ఉన్నారా, రేటు రెండు శాతం పెరిగితే కిస్తీ ఎంతవుతుంది. ఇవి వాడితో నోటుబుక్కులో రాయించాను. మొదటి ప్రశ్నకు వాడు "పదిహేను రోజులు మేడమ్" అని రాశాడు. కనీసం నిజం రాశాడు.

మరి 86 వేలు ఎక్కడివిరా అని అడిగితే చాలాసేపటికి చెప్పాడు. అందులో 60 వేలు వాళ్ళమ్మ కమ్మలూ గొలుసూ బ్యాంకులో పెట్టి తెచ్చినవి. ఫీజుకని చెప్పాడు. ఆమె మిరపకాయల కోతకు పోతుంది.

"ఇప్పుడు బంగారం రేటు పెరిగింది కదా మేడమ్" అన్నాడు, కళ్ళు కాస్త వెలిగాయి. "అదే వస్తువు మీద ఇంకో పాతిక వేలు టాప్అప్ ఇస్తామంటున్నారు. రెండున్నర లక్షల లోపు అప్పులకు 85 శాతం దాకా ఇవ్వొచ్చని 2025 జూన్‌లో రిజర్వ్ బ్యాంక్ చెప్పిందంట. దాంతో పోయింది రాబట్టుకుని, వస్తువు విడిపించేస్తాను."

పిన్ని కథ చెప్పాను. విన్నాడు. ఒప్పుకున్నాడో లేదో తెలియదు. ఆ వయసులో నేనైనా ఒప్పుకునేదాన్ని కాదేమో.

టాప్అప్ కాగితం మీద సంతకం పెట్టావా అని అడిగాను. లేదు, సోమవారం రమ్మన్నారట. పది గంటలకు నేనూ వస్తానన్నాను. మొదటి రెండు పీరియడ్లు ఎవరికైనా అప్పజెప్పాలి. వాళ్ళమ్మని కూడా తీసుకురమ్మన్నాను. అప్పుడు వాడి మొహం చూడాల్సింది.